కొట్టంలోని పాత కారు: బాగు చేయించుటా, విడి భాగాలుగా అమ్ముటా?



ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లెలో అన్నదమ్ములిద్దరు ఒక పాత కారును గూర్చి మాటలు మానుకొన్నారు. అది వారి జేజినాయన కొన్న ప్లిమత్ కారు, రెండు తలుపులది. ఎన్నో ఏండ్లుగా కొట్టంలో తుప్పు పట్టుచున్నది. రెండెకరాల చేను తాకట్టు పెట్టి బాగు చేయించి, పెండ్లిండ్లకు బాడుగకు తిప్పుదామని పెద్దవాడు. పాత ఇనుము కొనేవానికి తూకానికి ఇచ్చేద్దామని చిన్నవాడు. నేను మెకానిక్కును కాను గాని పాత జీపులో ఊళ్లు తిరిగినవాడిని. నాకు తెలిసినది చెప్పితిని.

అమెరికా కారనగానే అది ఓడ దిగి వచ్చిందనుకోనక్కరలేదు. 1947 నుండి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు క్రైస్లర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు ఇక్కడనే బిగించేవారు. 1956, 57లలో ఫోర్డ్ వారు చేసిన కాంటినెంటల్ మార్క్-2 వంటిదైతే వేరు. అవి సుమారు మూడు వేలే. దాని తుప్పు తలుపుకైనా కొనేవాడుండును. ప్లిమత్ అంత అరుదు కాదు.

చాలామంది మొదట ఇంజను చూస్తారు. అది కడపట చూడవలసినది. బిగుసుకుపోయిన ఇంజనైనా ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేతితో మెల్లగా తిప్పితే కదలవచ్చు. తాడు కట్టి లాగి స్టార్టు చేయరాదు. కదలకున్నను ప్రొద్దుటూరు లేతు షాపులలో బోరు చేయువారున్నారు. రేకును మన టింకరింగు వారు కొట్టి సరిచేయగలరు. వంపు తిరిగిన ముందరి అద్దము, లైట్ల గాజులు, మెరుపు పట్టీలు మాత్రము ఇక్కడ చేసేవారు దొరకరు. ఇవి పోయిన బండికి వెతుకులాటలోనే డబ్బు కరిగిపోవును.

అన్నిటికన్నా ముందు చాసిస్. అమెరికాలో మంచు కురిసే చోట్ల రోడ్లకు ఉప్పు చల్లుతారు గనుక బండ్లు క్రిందనుండి తినివేయబడును. మనది వాన తక్కువ సీమ. పైన ఎర్రబడినా లోపల ఇనుము గట్టిగా ఉండవచ్చు. కాని మన కొట్టాలకు వేరే శత్రువులున్నవి: యూరియా బస్తాలు, కోళ్ల రెట్ట, మట్టినేల చెమ్మ. స్క్రూడ్రైవరుతో చాసిస్‌ను, నేల రేకును, డిక్కీ అడుగును పొడిచి చూడండి. గుడ్డ చుట్టిన అయస్కాంతము అంటనిచోట పుట్టీ ఉన్నది. రెండు తలుపుల బండికి తలుపులు పొడుగు, బరువు. తెరచినప్పుడు క్రిందికి జారితే కీలు కమ్మి కుళ్లిందేమో చూడవలెను.

ఈ బండిలో బస్తాలు పెట్టినచోట, వెనుక సీటు క్రింద, స్క్రూడ్రైవరు చాసిస్‌లోనికి దిగింది. ముందరి అద్దము లేదు. ఆర్.సి. పుస్తకము ఎంత వెదకినా దొరకలేదు. అది ఉంటే వారసులు ఫారం 31 పెట్టి పేరు మార్చుకొనవచ్చును. ఇక బాడుగ మాట: 2021 నిబంధనల ప్రకారము యాభై ఏండ్లు దాటి, అసలు రూపములోనే ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయవచ్చు, క్రొత్తగానైతే రుసుము 20,000 రూపాయలు. కాని దానిని రోజూ తిప్పుటకు గాని వ్యాపారమునకు గాని వాడరాదు. పెద్దవాడు ఇది విని చాలాసేపు మాటాడలేదు. చేను తాకట్టు పెట్టుటకు ఉన్న ఒక్క కారణమూ పోయినది.

అయితే తూకానికి అమ్ముటా? అదియు వద్దంటిని. గేరుబాక్సు, తలుపులు, బంపర్లు, స్టీరింగు బాగున్నవి. అటువంటి బండినే బాగు చేసికొనుచున్నవానికి వీటి విలువ ఇనుము ధర కాదు. ముందుగా ఫోటోలు తీసి, బండిని మొత్తముగా ఒక్కనికే అమ్మవలెను. సగము విప్పి నట్లు, బోల్టులు తలొకచోట వేసిన బండి ఎవరికీ పనికిరాదు.

జ్ఞాపకార్థము ఇంజను నంబరు పలకను ఊడదీసి ఉంచుకొందునని పెద్దవాడు అడిగెను. స్టీరింగు మీది హారను బొత్తాము ఉంచుకో, నంబరు పలక బండితోనే పోవలెనని చెప్పితిని.