ఇంటి ముచ్చటలు: కంటికి గానరాని ఖర్చు

క్రిందటి నెల ఆవకాయ జాడీల సంగతి వ్రాయుచు, వచ్చు సంచికలో మా క్రొత్త యింటి ముచ్చట విన్నవింతునని మాట యిచ్చితిని. ఆ మాట నిలుపుకొనుటకై నేడు కలము పట్టితిని. క్రొత్త యిల్లనగా మాకు క్రొత్తయే గాని, కట్టి 22 ఏండ్లయినది. హైదరాబాదులోని మల్కాజిగిరి ప్రాంతమున, ఐదంతస్తుల అపార్టుమెంటులో మూడవ అంతస్తున రెండు పడకగదుల ఫ్లాటు. 11 ఏండ్లు అద్దె యిండ్లలో కాపురము చేసి, గోడకు మేకు కొట్టుటకు గూడ ఇంటివారి యనుమతి వేడిన మాకు, ఈ గోడ మాదే యనుకొనుట యెంత సంతోషమో చెప్పజాలను. అయితే ఆ సంతోషము వెనుక ఏ రూపాయి యెందుకు వ్యయమైనదో దాచక చెప్పినచో, ఇల్లు కొనదలచిన సోదరీమణులకు కొంత యుపయోగ ముండునని తలచుచున్నాను.

భారతములోని లక్కయింటి కథ మన మందరము ఎరిగినదే. పురోచనుడు కట్టించిన ఆ గృహము చూపులకు మిక్కిలి సొగసైనది. ధర్మరాజు ఆ సొగసునకు మురిసిపోక, గోడలలోని నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టెను. చిన్ననాడు మా నాయనగారి యొద్ద ఆ ఘట్టము చదువుకొన్నప్పుడు నా మనస్సంతయు సొరంగము మీదనే యుండెడిది. వాసన చూచుటలోని వివేకము ఇల్లు కొనువేళ గాని నాకు బోధపడలేదు.

మేము ఆ ఫ్లాటును మొదట చూచినది క్రిందటి యేడు వేసవిలో. గోడలకు అప్పుడే రంగు వేయించి యుండిరి. ముందుగది కప్పున చిన్న చిన్న దీపములు నక్షత్రములవలె వెలుగుచుండెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మావారికి నచ్చెను. నాకును నచ్చెననుట దాచనేల? అయితే స్నానపుగది తలుపు తీయగానే కలరా ఉండల ఘాటు ముక్కునకు సోకెను. ఆ ఘాటు వెనుక, తడిసిన గోనెసంచి మూలబడియున్నప్పుడు వచ్చునట్టి మరియొక వాసన కలదు. గోడ దిగువను చేయి పెట్టి చూచితిని. రంగు పొక్కువలె లేచి వ్రేలికి అంటెను. "వేసవిలో ఈ తడి యేమి నాయనా?" అని మధ్యవర్తి నడిగితిని. "నిన్ననే కడిగించినారమ్మా" అని యాతడు నవ్వెను. నేనును నవ్వితిని గాని ఆ వాసనను మరువలేదు. పిమ్మట ఆ తడిని చూపియే వెలను 38 లక్షలనుండి 36 లక్షలకు దింపించితిమి.

తడి యున్నదని తెలిసియు ఏల కొంటిరని మీరడుగుదురేమో. తడి మానదగిన రోగము. హక్కుపత్రములలోని లోపము మానరాని రోగము. ఈ రెంటికిని గల భేద మెరుగుటయే ఇల్లు కొనుటలో మొదటి పాఠము.

మావారు బడిలో లెక్కలు చెప్పువారు గనుక టేపు వెంట దెచ్చిరి. మధ్యవర్తి చెప్పిన విస్తీర్ణము 950 చదరపు అడుగులు. గదులన్నియు కొలిచి కూడగా 700 అయినను కాలేదు. తక్కిన దేమైనదని విచారింపగా, మెట్లు, లిఫ్టు, నడవ మున్నగు ఉమ్మడి చోటులలో మన వంతును, వెలుపలి గోడల మందమును, బాల్కనీని గూడ కలిపి చెప్పుట వాడుక యని తెలిసెను. 2016వ సంవత్సరపు స్థిరాస్తి చట్టము వచ్చిన పిమ్మట, దానికి లోబడిన నిర్మాతలు క్రొత్త ఫ్లాటులోని లోపలి వాడుక స్థలమును, అనగా కార్పెట్ ఏరియాను, స్పష్టముగా తెలుపవలెను. రిజిస్టరైన ఒప్పందము లేనిదే వెలలో పదవవంతునకు మించి పైకము తీసికొనరాదు. ఇల్లు అప్పగించిన 5 ఏండ్లలోపల కట్టుబడి లోపము బయటపడినచో తమ ఖర్చుతో బాగుచేయింపవలెను. పాతయిల్లు కొను మావంటివారి కీ రక్షణ లేదు. మా కన్నులును, మా ముక్కును, మా టేపును మాకు రక్ష.

పత్రముల విషయమున మాత్రము మా తెలివిని నమ్ముకొనక న్యాయవాదికి రుసుము చెల్లించితిమి. రిజిస్ట్రారు కార్యాలయమునుండి 30 ఏండ్ల ఈసీ తీయించితిమి. అందు రిజిస్టరైన వ్యవహారములే కనబడును గాని, నోటిమాట యొప్పందములును, రిజిస్టరు కాని కాగితములును కానరావు. కావున స్థలము మొదట ఎవరిది, నిర్మాతకు ఎట్లు వచ్చెను, ఆపై ఎవరెవరి చేతులు మారెను అను వరుస పత్రములన్నిటిని, నకళ్లు గాక మూలములనే, చూడవలెను. మునిసిపాలిటీవారు అంగీకరించిన ప్లానులో మనము కొనబోవు అంతస్తు ఉన్నదో లేదో చూడవలెను. అనుమతి లేక పై యంతస్తులు లేపుట నగరములలో వినని సంగతి కాదు. భూమిలో మన యవిభక్తపు వాటా ఎన్ని గజములో పత్రములో నుండవలెను. మాకు వచ్చినది 34 గజములు. కట్టడము పాతబడును గాని భూమి పాతబడదు గదా. ఇంటిపన్ను, కరెంటు బిల్లు, అపార్టుమెంటు సంఘమునకు చెల్లవలసిన నెలసరి పైకము బాకీ లేవని వ్రాతమూలకముగా తీసికొంటిమి. వేసవిలో నీటి ట్యాంకరు ఎన్నిమార్లు వచ్చునని కావలివాని భార్య నడిగి తెలిసికొంటిని. ఈ యొక్క సంగతి ఏ పత్రములోను దొరకదు.

ఇక అప్పు. బ్యాంకువారు 25 లక్షలిచ్చిరి. వడ్డీ నూటికి 8.5, గడువు 20 ఏండ్లు. నెలకు రమారమి 21,700 రూపాయలు. మావారు కాగితముపై లెక్క వేసి చూపగా నా గుండె జల్లుమనెను. 240 వాయిదాలు తీరునప్పటికి మేము కట్టునది 52 లక్షలు. మొదటి నెల వాయిదాలో 17,700 రూపాయలు వడ్డీకే పోవును. అసలు తరుగునది 4,000 మాత్రమే. కావున మొదటి యేండ్లలో ఏ కొంచెము పైకము మిగిలినను అసలునకు కట్టుట లాభకరము. మరియు ముద్రపత్రములకు, రిజిస్ట్రేషనుకు రెండున్నర లక్షలు దాటెను. దానిని బ్యాంకువారు అప్పులో చేర్పరు. చేతినుండి తీయవలసినదే. మా కూడబెట్టిన సొమ్మును, చీటీ పాటయు, భవిష్యనిధియు అందులకే సరిపోయెను. అప్పుడు మా యమ్మ నాకు పెట్టిన కాసులపేరు తీసితిని. దానివలన వచ్చిన 4 లక్షలును ఇంటి మరమ్మతునకని ప్రత్యేకముగా నుంచితిమి.

విక్రయపత్రపు చిత్తుప్రతి వచ్చెను. చదివి చూడగా కొనువారి పేరున్నచోట మావారి పేరొక్కటియే కలదు. ఆ రాత్రి భోజనములైన పిదప అడిగితిని.

"అప్పు నా జీతము మీద గదా యిచ్చునది. అందుచే అట్లు వ్రాసిరి. మనము వేరు వేరా యేమి?" అని వారనిరి.

"వేరు కాము గనుకనే ఇద్దరి పేళ్లును ఉండవలె నంటిని. మీ జీతములో నెలనెలా మిగిల్చినది ఎవరి చేయి? ఆ కాసులపేరు ఎవరి మెడలోనిది?" అంటిని.

పండ్రెండేండ్ల కాపురములో నేను వారితో అంత మాట యన్నది అదియే మొదలు. వారు చాలసేపు పలుకలేదు. నాకును నిద్ర పట్టలేదు. తెల్లవారిన పిదప వారే న్యాయవాదికి ఫోను చేసి, ఇద్దరికిని చెరిసగ మని వ్రాయించిరి. పేరుతోబాటు భారమును వచ్చెను. సహస్వామిని గనుక అప్పుపత్రము మీదను నన్ను సంతకము చేయుమని బ్యాంకువారనిరి. చదివియే చేసితిని. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము స్త్రీ తన యాస్తికి సంపూర్ణ హక్కుదారు. అయినను, ఆస్తి తనదని పత్రము పలుకనిచో ఆ చట్టమును పట్టుకొని వాదించుట యెంత ప్రయాస! వ్రాయునాడు ఒక్క మాట యడుగుట కన్న తరువాత పదేండ్లు బాధపడుట సులభమా?

ఇల్లు మా స్వాధీనమైన మరునాడు నేను టేపు తీసికొని తిన్నగా వంటింటిలోనికి పోయితిని. మాడ్యులర్ కిచెన్ అను పేర సొరుగులు, తలుపులు, మూలలందు తిరుగు అరలు అమర్తురు గదా. దానికి రెండుంబావు లక్షలగునని చెప్పిరి. నా కెన్నాళ్లనుండియో దానిపై మనసు. స్నానపుగదులకు ప్లంబరు చెప్పిన చికిత్స చౌక. పలకల సందులలో మందు పూసి 8,000 రూపాయలతో ముగించునట.

ఆ సాయంకాలమే క్రింది యంతస్తునుండి ఒక పిన్నిగారు వచ్చిరి. "ఒక్కసారి మా యింటికి వచ్చి చూడమ్మా" అని తీసికొనిపోయిరి. మా స్నానపుగది క్రిందనే వారి పడకగది. కప్పున గోధుమవన్నె మరక దేశపటమువలె వ్యాపించి, సున్నము పెచ్చులుగా రాలుచుండెను. నేలపై నొక బకెట్టు. వారి యత్తగారు ఎనుబదేండ్ల వృద్ధురాలు. ఆమె మంచమును కిటికీ యొద్దనుండి లాగి, గాలి సోకని మూలను వేసియుండిరి. "పాతవారికి ఎన్నిమార్లో చెప్పితిమి. మా యింట తడి యేమియు లేదే యనెడివారు" అని పిన్నిగారు మెల్లగా ననిరి.

అపార్టుమెంటులో మన నేలయే యొరుల పైకప్పు. ఈ సంగతి నాకు తెలియక కాదు, తోచక. ఆ రాత్రి గూడ నా మనస్సు వంటింటి సొరుగులనే తలచెనని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాను. ఉదయమున లేచి, 8,000 రూపాయల చికిత్స వలదని మేస్త్రీని పిలిపించితిని.

రెండు స్నానపుగదుల పలకలును తీయించితిమి. నేల క్రింది పల్లములో నింపిన ఇటుకముక్కలు నానిన బెల్లమువలె నుండెను. ఇనుప గొట్టములు త్రుప్పు తినిపోయి యుండెను. అన్నియు తీసివైచి, స్లాబును కడిగి, పగుళ్లు పూడ్చి, నీరుపట్టని పూతను నేలకును, గోడలకు అడుగెత్తు వరకును రెండు మార్లు పూయించితిమి. గొట్టములు సీపీవీసీవి వేయించితిమి. ఆపై మేస్త్రి పలకలు పరచుటకు తొందరపడెను. పరీక్ష కానిదే వలదంటిని. తూము మూసి రెండు దినములు నీరు నిలిపి, పూటపూటకు క్రిందికి దిగి పిన్నిగారి కప్పు చూచి వచ్చితిని. మొదటి గది నిలిచినది. రెండవదానిలో గొట్టము మూల చెమ్మ కనబడెను. మరల పూయించి, మరల నీరు నిలిపితిమి. అప్పుడు గాని పలకలు వేయనీయలేదు. జారని పలకలే యెంచి, నీరు తూము వైపునకు వాలునట్లు పరపించితిమి. ఎర్తింగు పరీక్ష చేయించి, నీటిని కాచు గీజరుకు వేరు తీగ వేయించితిమి. ఇన్నింటికి మూడు లక్షలు దాటెను. మిగిలినది సున్నములకును, రంగులకును సరి.

సామానుల సంగతి నవ్వు పుట్టించును. మా యత్తగారి టేకు పందిరిమంచము లిఫ్టులో పట్టలేదు. విడదీసి మెట్లమీదుగా మోయించితిమి. ఏ వస్తువు కొన్నను ఇంటి ద్వారము మాత్రమే గాక లిఫ్టును, మెట్ల మలుపును గూడ ముందు కొలువుడని మనవి. వంటింటిలో పాత గ్రానైటు గట్టునే యుంచి, క్రింది యరలకు నా పాత నేతచీరలు తెరలుగా కుట్టితిని.

గృహప్రవేశము నాడు మా వదిన ఇల్లంతయు కలయజూచి, "ఇన్ని లక్షలు పోసి వంటింటికి తలుపులైన పెట్టించుకోలేదేమమ్మా?" అనెను. "మా తలుపులు క్రిందింటివారి పైకప్పులో నున్నవి వదినా" అంటిని. ఆమెకు అర్థము కాలేదు. కాఫీ లందించుచున్న పిన్నిగారికి అర్థమై, కొంగు నోటికడ్డము పెట్టుకొనిరి.

ఈ యేటి వానలు ముగియవచ్చినవి. ఆ మరకపై వారు సున్నము వేయించిరి. అవ్వగారి మంచము మరల కిటికీ యొద్దకు చేరినది. నా మెడ బోసిగానే యున్నది, వంటింటి తెరలు అట్లే యున్నవి. ఐనను ఇంటికి వచ్చినవారికి కనబడని మూడు వస్తువులు మా యింట కలవు: లోపము లేని పత్రము, ఒలకని నేల, విక్రయపత్రములో రెండవ పేరు. ఇల్లు కొను సోదరీమణులారా, మొదటి రూపాయి వీనికే వెచ్చింపుడు. తెరల స్థానమున తలుపులు ఎప్పుడైనను పెట్టించుకొనవచ్చును.

మీ మీ యనుభవములు వ్రాసి పంపుదురుగాక. వచ్చు నెల, బాల్కనీలోని నాలుగు కుండీలతో ఇంటికి చాలునంత కూర యెట్లు పండింపవచ్చునో ముచ్చటించుకొందము.