మాత్రతోపాటు మాట కూడా కావాలి

గత మాసం జగిత్యాల వైపు పల్లె నుండి ఒక రైతు నా వద్దకు వచ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు ఉన్నదని తేల్చి, నెలకు సరిపడా మాత్రలిచ్చారు. పది దినాలు వేసుకొని మానివేశాడు. "తలనొప్పి లేదు, తిప్పుడు లేదు. ఇగ గోలీలెందుకయ్యా?" అన్నాడు. ఉప్పు సంగతి చెప్పలేదా అని అడిగాను. "తక్కువ తినుమన్నరు. ఎంత తక్కువనో చెప్పలే" అన్నాడు.

లోటంతా ఆ చివరి మాటలోనే ఉన్నది.

ప్రభుత్వ కృషిని తక్కువ చేయరాదు. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి ఎంపికైన తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. నేడు 30 ఏండ్లు దాటినవారికి పల్లెలోనే రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేస్తున్నారు. అయితే మాత్ర అందినంత సులువుగా అలవాటు మారదు.

ఆయుర్వేద చికిత్సకు తొలిమెట్టు నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని విడనాడటం. మా ప్రాంతంలో ఆ కారణాలు కండ్లెదుటనే ఉన్నాయి. శ్రీరాంసాగర్ కాలువలు పారిన తరువాత గటక వెనుకబడి, వరి అన్నమే ముఖ్యాహారమైంది. బీడీ, గుట్కా విడువరు. బొగ్గు గనులలో రాత్రి పాళీ చేసేవారికి నిద్ర కరవు. ఆదిలాబాద్ జొన్నరొట్టె మంచిదే. దానితో నంజుకునే ఊరగాయలోని ఉప్పే తగ్గాలి.

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ లెక్కన నలుగురు పెద్దలున్న ఇంట, ఊరగాయలలోనిది కూడా కలుపుకొని, కిలో ఉప్పు కనీసం 50 దినాలు రావాలి. సైంధవ లవణమైనా ఉప్పే సుమా!

ఇట్టి మాటను వంట చేసే ఇల్లాలితో చెప్పాలి. మా గురువుగారు ఆమెను కూర్చోబెట్టి గాని పథ్యం చెప్పేవారు కారు. నేనే యౌవనంలో ఇరువది నిషేధాల జాబితా రాసి ఇచ్చి, మరల రాని రోగులను చూసి బుద్ధి తెచ్చుకున్నాను. కనుక నా మనవి ఇది: మాత్రలు ఇచ్చే ప్రతి నెలా, తెలిసిన కార్యకర్తే పది నిమిషాలు కూర్చొని, ఒక్క అలవాటును గురించే మాట్లాడాలి. మరుసటి నెల దానినే అడగాలి, రక్తపోటు మరల చూడాలి.

తోటి వైద్యులారా, ఆయుర్వేదం పేరిట ఎవరిచేతా మాత్రలు మాన్పించకండి. పథ్యం మాత్రకు తోడు, పోటీ కాదు.

ఆ రైతు మాత్రలు మరల మొదలుపెట్టాడు. ఈ నెల భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు.