ఊరు కూలిన మర్నాడు

2011 జులై 5న, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిపిన సల్వాజుడుం మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. పిటిషన్ వేసింది నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన ఇ.ఎ.ఎస్. శర్మ. గిరిజన కుర్రాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి, తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చిన తీర్పు అది. లాయర్లు దాన్ని తలుచుకునే కారణాలు వేరు. కథలు చదివేవాళ్లను మాత్రం మొదట్లోనే ఒక పేరు ఆపేస్తుంది: జోసెఫ్ కాన్రాడ్. ఛత్తీస్‌గఢ్ సంగతులు వింటుంటే ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ గుర్తొచ్చిందని న్యాయమూర్తులు రాశారు.

దోపిడీ ఎంత చీకటిదో చెప్పడానికి ఆ నవల పనికొస్తుంది. అయితే కథ జరిగే కాంగోలోని మనిషి అందులో నోరు విప్పడం అరుదు. 1975లో చినువా అచెబె ఆ సంగతి పట్టుకునే కాన్రాడ్‌ని కడిగేశాడు. తీర్పుకి ఆ నవల సరిపోయింది. ఊరు పోగొట్టుకున్నవాళ్లకి చాలదు.

రాయ్‌పుర్‌లో మా పేట మోవా మీదుగా బలోదా బజార్ వైపు పోయే దారిని విధానసభ రోడ్డంటారు. అప్పటి సభ ఆ దారిలోనే ఉండేది. తీర్పు వచ్చిన ఏడాదే సహాయక సాయుధ పోలీసు దళాల పేరుతో కొత్త చట్టం చేసింది ఆ సభే. బస్తర్ మాకు దక్షిణాన దూరంగా ఉంటుంది, వార్తగా మాత్రమే వస్తుంది: ఎన్‌కౌంటర్, లొంగుబాటు, ఒక అంకె. ఊరు ఖాళీ అయ్యాక జరిగేది పేపర్లకు ఎక్కదు. 2005లో మొదలైన జుడుం కాలంలో అక్కడ వందల పల్లెలు చెదిరిపోయాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. కొందరు అడవి లోపలికి పోయారు. ఇంకొందరు సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లో గుడిసెలేసుకున్నారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే.

ఆ మొదటి నెల ఎలా గడిచి ఉంటుంది? విత్తనాలు ఎవరు మోసుకొచ్చారు? చెలమ ఎవరు వెతికారు? మిర్చి కోతకు పోతే ఏ మేస్త్రిని నమ్మాలి, అటవీ సిబ్బంది వస్తే ఎవరు ఎదురెళ్లి మాట్లాడాలి? ఊరిపెద్ద ఒక దిక్కుకీ, పూజారి ఒక దిక్కుకీ పోయిన గుంపులో ఎవరి మాట చెల్లింది? 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలు కూల్చారు. అక్కడ ఎస్టీలన్న గుర్తింపూ వాళ్లకు దక్కలేదు.

ఇలాంటి ప్రశ్నలతోనే నవల కట్టినవాడు కెనడాలో ఉన్నాడు. వాబ్‌గెషిగ్ రైస్ అక్కడి అనిషినాబె ఆదివాసి జాతివాడు, పాత్రికేయుడు. 2018లో వచ్చిన అతని ‘మూన్ ఆఫ్ ద క్రస్టెడ్ స్నో’లో చలికాలం ముంగిట ఒక అనిషినాబె ఊళ్లో కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి, దక్షిణం నుంచి సరుకుల లారీ రాదు. ఎందుకన్నది రచయిత చెప్పడు. చెప్పకపోవడమే మేలైంది. డీజిలు ఎన్నాళ్లొస్తుంది, రేషను ఇంటికెంత, ఏ ముసలమ్మ ఒంటరిగా ఉంది అన్నదాంట్లోనే అతనికి కావలసినంత కథ దొరికింది. కథానాయకుడు ఎవన్ వైట్‌స్కై వేటాడి మాంసం తెస్తాడు. ఐలీన్ అనే పెద్దావిడ అతనితో, మన లోకం ఇదివరకే అంతమైందిలే అన్నట్టు మాట్లాడుతుంది: నేల లాక్కున్నప్పుడొకసారి, పిల్లల్ని బడులకు ఎత్తుకుపోయినప్పుడింకోసారి. ఇంతలో స్కాట్ అనే బయటివాడు వచ్చి పెత్తనానికి దిగుతాడు. (ఈ పాత్రను కాస్త మోటుగా గీశాడు రైస్.) చలి ముదిరేకొద్దీ పదవిలో ఉన్న చీఫ్ మాట కన్నా అడవి తెలిసినవాళ్ల మాటకు బరువు పెరుగుతుంది. 2023లో వచ్చిన రెండో భాగంలో, పన్నెండేళ్ల తర్వాత, ఎవన్, అతని కూతురు నాంగోన్స్ పూర్వీకుల నేల వెతుక్కుంటూ దక్షిణానికి నడుస్తారు.

తెలుగులో తిరుగుబాటు రాసే చెయ్యి గట్టిదే. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీము’ లేకపోతే జోడేఘాట్ పోరు చాలామందికి తెలిసేది కాదు. కానీ 1924లో అల్లూరి, 1940లో భీము నేలకొరగడంతోనే మన ఊహ కూడా ఆగిపోయింది. భీము పోయిన మూడేళ్లకు, 1943లో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు. కాల్పుల నెత్తురు ఆరని సీమలో, గోండులు తమ పిల్లలకు తమ మాటలోనే అక్షరాలు నేర్పడానికి కూర్చున్నారు. నవలకు ఇంతకన్నా ఏం కావాలి? 1910 బస్తర్ భూమ్‌కాల్ తిరుగుబాటులో మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేరి జనాన్ని కదిపాయి. నాయకుడు గుండాధూర్ తెల్లవాళ్లకు చిక్కనే లేదు. చిక్కనివాడు ఆ తర్వాత ఎవరింట తిన్నాడు, అతన్ని దాచినందుకు ఏ ఊరు ఏం పోగొట్టుకుంది? అచ్చంగా కథకుడి పని ఇది.

2005లో తల్లి వీపున సరిహద్దు దాటిన పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటాయి. వాళ్లలో తెలుగు బడికి వెళ్లినవాళ్లున్నారు. మైదానం నుంచి జాలిపడి రాసే కథలకు మనకేం కొదవ లేదు. ఆ పిల్లలు రాస్తే, లేదా వాళ్ల అమ్మలు గోండీలో చెబుతుంటే వాళ్లు రాసిపెడితే, ఈ పత్రిక వేసుకుంటుంది. అక్షరదోషాలు మేం చూసుకుంటాం. నిడివి నిబంధన ఆ కథలకు వర్తించదు.