దూప

పోయిన సంచిక పాఠకుల చేతికి వెళ్లిన వారానికి ఒక ఉత్తరం వచ్చింది. నీలం సిరాతో, మార్జిన్ కొట్టి మరీ రాసిన ఉత్తరం. తెలంగాణ పల్లె కథ ఒకటి వేశాం కదా, అందులో పదకొండు మాటలు తనకి అర్థం కాలేదని, కింద చుక్కగుర్తు పెట్టి అర్థాలు ఇవ్వడానికి మాకొచ్చిన కష్టమేమిటని ఆయన నిలదీశారు. వరస నంబర్లు వేసి పదకొండు మాటలూ రాశారు. మూడో నంబరు ‘ఆగం’.

కోపం న్యాయమైనదే. చందా కట్టిన మనిషి అడక్క ఎవరడుగుతారు? కానీ ఉత్తరం వెనక్కి తిప్పితే అక్కడ కథ గురించి నాలుగు మాటలున్నాయి. కన్నకొడుకులే ఆ ముసలాయన్ని అట్లా ఆగం చెయ్యడం చదివి రాత్రి నిద్రపట్టలేదని రాశారు. ముందు పేజీలో తెలియదన్న మాటను వెనక పేజీకి వచ్చేసరికి ఎక్కడ వాడాలో అక్కడ, ఎట్లా వాడాలో అట్లా వాడేశారు. ఆయనకే తెలియకుండా!

ఈ ముచ్చట చెప్పి పాఠకుణ్ణి చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్కకొస్తే ఈ వ్యవహారంలో నా పద్దు ఇంతకంటే పెద్దది. పాతికేళ్లు నిండని రోజుల్లో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కృష్ణా డెల్టాలో పుట్టి, బెజవాడ దాటి ఎరగని తెలుగు నాది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కథ ఒకటి నా బల్ల మీద పడింది. పొద్దుగూకుతోంది. కోడలు దీపం వెలిగించింది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అంటుంది: “దూపైతుంది బిడ్డా, గిన్ని నీళ్లియ్యరాదు.” దీపం దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. దీపం పెట్టే వేళ, పెద్ద ముత్తైదువ, ఇంకేం కావాలి? పాపం రచయితకి ఒత్తులు రావు కాబోలు అనుకుని, ‘దూప’ను ‘ధూపం’ చేసి, ‘ధూపమవుతుంది’ అని దిద్ది, పేజీ కట్టేసుకున్నాను. నిఘంటువు తెరవలేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది, అదే వాక్యంలో కామా అవతల ఉన్న నీళ్లు కూడా చూడలేదు.

పత్రిక వెలువడ్డాక ఆ కథకుడు కార్డు ముక్క రాశాడు. తిట్టలేదు. “సారూ, మా అవ్వ నీళ్లడిగితె మీరు సాంబ్రాణి పొగేసిండ్రు” అన్నాడు, అంతే. ఆ కార్డు ఈనాటికీ నా సొరుగులో ఉంది.

తెలియని మాట ఎదురైతే చుట్టూ చూసి అర్థం చేసుకోవాలని అందరం అంటాం. నేనూ చుట్టూ చూశాను మరి! దీపం చూశాను. సందర్భం అనేది మాటకి ముందే కాదు, వెనకా ఉంటుంది. ముందున్నది ఊహ పుట్టిస్తుంది, వెనక వచ్చేది ఆ ఊహ నిలుస్తుందో లేదో తేలుస్తుంది. ఊహ పుట్టగానే తీర్పు ఇచ్చేసేవాడు ఏ మాటకీ న్యాయం చెయ్యలేడు.

ఈ సంగతి మన పాత శాస్త్రకారులు నాకంటే ఎంతో ముందు, ఎంతో బాగా తేల్చి పెట్టారు. మాటకి అర్థం తెలిసే దారులు ఎనిమిదని లెక్కగట్టిన శ్లోకం ఒకటి ‘న్యాయసిద్ధాంత ముక్తావళి’లో కనిపిస్తుంది. నిఘంటువు ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. వ్యాకరణం, పోలిక, నమ్మదగిన మనిషి మాట, పెద్దల వాడుక, వివరణ ఉన్నాయి. వాటితో పాటు ‘వాక్యశేషం’ అని ఒకటి, ‘తెలిసిన మాట పక్కన ఉండటం’ అని ఒకటి చేర్చారు. రెండోదానికి వాళ్లిచ్చే ఉదాహరణ భలే ముద్దుగా ఉంటుంది. మామిడిచెట్టు మీద పికం తియ్యగా కూస్తోంది అని విన్నవాడికి పికమంటే ఏమిటో తెలియకపోయినా, మామిడిచెట్టూ తియ్యటి కూతా కలిసి కోయిలను పట్టిచ్చేస్తాయి. వాక్యశేషానికి ‘యవ’ కథ ఉంది. ఆ మాటను కొందరు యవధాన్యానికి వాడతారు, కొందరు కొర్రలకి. ఎవరిది ఒప్పు? వాక్యంలో మిగతాది చదవండి అంటారు మీమాంసకులు. మిగిలిన మొక్కలన్నీ ఆకు రాల్చి వాడిపోయే కాలంలో ఇవి మాత్రం కంకులతో కళకళలాడతాయని ఆ తర్వాత ఉంది. కాబట్టి కొర్రలు కావు, యవలే. నా బల్ల మీది ముసలమ్మ కూడా వాక్యశేషంలో నీళ్లే అడిగింది.

పికం గురించి ఇంకో సంగతి ఉంది, నన్ను నిజంగా తలదించుకునేలా చేసింది అదే. పిక, తామరస వంటి కొన్ని మాటలు ఆర్యుల వాడుకలోవి కావని, మ్లేచ్ఛుల మాటలని మీమాంసకుడైన శబరస్వామి భాష్యంలో చర్చ వస్తుంది. వాటికి ధాతువులు తవ్వి కొత్త అర్థం పుట్టించాలా, వాడేవాళ్లు ఏ అర్థంలో వాడుతున్నారో అదే తీసుకోవాలా? వాడేవాళ్ల అర్థమే తీసుకోవాలన్నది తీర్పు. ఈ చోటుకి వ్యాఖ్య రాస్తూ ఏడో శతాబ్దపు కుమారిలభట్టు ద్రావిడ భాషల మాటలు కొన్ని ఎత్తుకుంటాడు. కడుపుని వాళ్లు ‘వైర్’ అంటారు. తమిళంలో ఇప్పటికీ అది ‘వయిఱు’. మన పండితుడు ఆ మాట విని, చివర ఒక అచ్చు తగిలించి, ‘వైరి’ చేసి, నిజమే సుమా, ఆకలేస్తే మనిషి చెయ్యరాని పనులు చేస్తాడు, కడుపు శత్రువు కాక మరేమిటి అంటాడట! పాముని ‘పాప్’ అంటే దాన్ని ‘పాప’ చేసి, అవును అది పాపిష్ఠిదే అంటాడట. కుమారిలుడి వెక్కిరింత చదివి ముందు నవ్వాను. ఆనక సొరుగులోని కార్డు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. పదమూడు వందల ఏళ్ల తర్వాత, చేతిలో ఎర్ర కలంతో, నేను చేసిందీ అదే కదా. ఎవరి మాటో వారి నోటి దగ్గర వదలకుండా, నాకు తెలిసిన సంస్కృతంలోకి ఈడ్చుకొచ్చాను.

సంస్కృతం దాకా ఎందుకు, ‘గుంట’ అనే చిన్న మాట తీసుకోండి. మా వైపు గుంటంటే గొయ్యి, లేదా నీళ్లు నిలిచే పల్లం. తెలంగాణ రైతుకి అది భూమి కొలత. నలభై గుంటలైతే ఎకరం. శ్రీకాకుళం, విజయనగరం వైపు గుంటంటే ఆడపిల్ల, మగవాడైతే గుంటడు. ఇక కథలో “ఇరవై గుంటలు అమ్మి పెండ్లి చేసిండు” అని వస్తే ఏ పిచ్చివాడూ గోతులు అమ్మాడనుకోడు. “ఇద్దరు గుంటలూ నూతికాడున్నారు” అని వస్తే ‘రెండు’ అనకుండా ‘ఇద్దరు’ అన్నప్పుడే తెలుగు మనకి గుట్టు విప్పేసింది. మనుషుల్ని ఒక రకంగా, వస్తువుల్ని ఇంకో రకంగా లెక్కపెట్టే భాష మనది. ఇంత సాయం చేసే వాక్యాన్ని నమ్మకుండా, పక్కన బ్రాకెట్ పెట్టి (ఆడపిల్లలు) అని రాయడం దేనికి?

అసలు మనందరం మాటలు నేర్చుకున్నదే బ్రాకెట్లు లేకుండా. నాకు ‘మౌనభంగం’ అనే మాట చందమామ నేర్పింది. నెలనెలా బేతాళ కథ చివర ఆ మాట వచ్చేది, వచ్చిన వెంటనే శవం మాయమై చెట్టెక్కేది. మొదట్లో అది బేతాళుడి మంత్రం పేరనుకున్నాను. కొన్నాళ్లకి, విక్రమార్కుడు నోరు విప్పినప్పుడే ఇది జరుగుతోందని కనిపెట్టాను. ఆ తర్వాత ఒకరోజు, మా ఇంట్లో అలిగి రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న మా బాబాయి పెరుగు వడ్డించమని అడిగితే, “మౌనభంగం!” అని అరిచాను. ఇల్లంతా నవ్వింది, ఆయన తప్ప. ఆ రోజు నుంచి ఆ మాట నాది. ఎవరూ అర్థం చెప్పలేదు. ఒక్క చోట చూస్తే వచ్చేదీ కాదు; అదే మాట పదిచోట్ల, పక్కన వేర్వేరు మాటలతో కనిపించాలి. బడిలో నేర్పిన అర్థాల పట్టిక మాత్రం పరీక్ష హాలు గుమ్మం దాటగానే ఆవిరైపోయేది. సొంతవాక్యం రాయమంటే ఏ మాటకైనా ఒకటే వాక్యం ఉండేది మా దగ్గర: రాముడు ఫలానాది చూసెను. రాముడు చూడని వస్తువు మా తరగతిలో లేదు.

ఇప్పుడు అసలు కిటుకు. మేం అర్థాలు ఎవరి మాటలకి ఇస్తున్నాం? వెనకటి మా సంచికలు కొన్ని ముందేసుకుని చూశాను. ‘యాసంగి’ అని వచ్చిన ప్రతిచోటా పక్కన (రబీ) అని ఉంది. ‘దాళ్వా’ వచ్చిన చోట ఏమీ లేదు. దాళ్వా అంటే కాలువల కింద డెల్టాలో వేసే రెండో వరిపంట. ఆదిలాబాద్ పాఠకుడికి అది ఎట్లా తెలుస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లం సార్వా, దాళ్వాల మధ్య పెరిగినవాళ్లం. మాకు తెలిసింది తెలుగు, మాకు తెలియనిది మాండలికం! కింద చుక్కగుర్తు పెట్టి సాయం చేశామనుకున్నాం కానీ, ఆ మాట పరాయిదని ముద్ర వేశాం. ఆదిలాబాద్ పాఠకుడు దాళ్వాను, లంకలను, గట్లను ఏ బ్రాకెట్టూ లేకుండా చదువుకుని, అర్థం చేసుకుని, మా కథలకి కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. ఆ ఓపిక మనం ఎందుకు చూపలేం?

బ్రాకెట్‌తో ఇంకో తంటా. అది చాలాసార్లు అబద్ధం చెబుతుంది. ‘సోయి’ పక్కన (స్పృహ) అని రాస్తే మూర్ఛపోయిన మనిషి కనిపిస్తాడు. “ఇల్లు ఉన్నదా పోయిందా వానికి సోయే లేదు” అన్నప్పుడు వాడు మూర్ఛపోలేదు, పట్టించుకోవడం మానేశాడు. కథలో ఒక పాత్ర మాట్లాడుతుండగా బ్రాకెట్ పడిందంటే, ఆ మనిషి నోరు మూసి సంపాదకుడు మాట్లాడుతున్నాడని అర్థం.

అయితే సందర్భం అన్నీ ఇస్తుందని కూడా నేను అనను. మేడి పట్టి దున్నుతున్నాడు అని చదివితే, మేడి నాగలికి ఉండే పట్టుకునే భాగమని తెలుస్తుంది. అది ఎంత ఎత్తుంటుంది, ఏ కర్రతో చేస్తారు, పక్క జిల్లాలో దాన్నేమంటారు? కథ ఇవేవీ చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. దానికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ఉంది, 1971 నాటి చేనేత సంపుటం ఉంది. ఊళ్లకి వెళ్లి, రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి, ఒక్కో వస్తువుకి ఏ ప్రాంతంలో ఏ పేరో రాసుకొచ్చిన పని అది. పుస్తకాల్లో తప్ప నాగలి చూడని నాలాంటివాళ్లకి సందర్భం ‘ఏదో చెట్టు’, ‘ఏదో పిట్ట’ దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది. ఏ పిట్టో తెలుసుకోవాలని బుద్ధి పుడితే అప్పుడు లేచి కోశం తియ్యాలి. వరస మాత్రం అది. ముందు కథ, తర్వాత కోశం.

కథకులకీ ఒక మాట. ఊరి మాట వాడితే చాలు వాసన వస్తుందనుకుని, ఒక్కో వాక్యంలో ఐదేసి గుప్పించేవాళ్లున్నారు. తెలియని మాట పక్కన తెలిసిన మాటలుంటేనే అది వెలుగుతుంది. అన్నీ తెలియనివే అయితే పికం లేదు, మామిడిచెట్టూ లేదు. చిత్తూరు వైపు కథలో “అనపకాయలు వొలిచి, నానేసి, పితికింది” అని వచ్చిందనుకోండి, ఆనపకాయంటే సొరకాయ అనుకునే మా వైపు ఆడవాళ్లు కూడా సొరకాయని వొలవరు, పితకరు గనక ఇదేదో చిక్కుడు జాతి గింజ అని వంటింట్లో నిలబడే తేల్చేస్తారు. మూడు మామూలు క్రియలు చేసిన పని అది. రాసేవాడికి తెలిసో తెలియకో ఆ పనితనం అబ్బాలి.

కనక ఇకమీదట కథల కింద అర్థాలు ఉండవు. ఉత్తరం రాసిన పెద్దాయనకి విడిగా జవాబు రాశాను, మూడో నంబరు సంగతి కూడా ప్రస్తావించాను.

మొన్న ఈ సంచిక ప్రూఫులు వచ్చాయి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి దిద్దింది. విశాఖలో చదువుకున్న పిల్ల. ఒక కథ మొదటి పేజీలో ‘తాత గుమ్మికి ఒరిగి కూసున్నడు’ అన్న చోట ‘గుమ్మి’ కింద గీత గీసి, ‘గుమ్మం?’ అని మార్జిన్‌లో రాసింది. నా చెయ్యి జవాబు రాయడానికి పోయింది. ఆపుకున్నాను. “మూడో పేజీ దాకా చదువమ్మా” అని మాత్రం రాసి వెనక్కి పంపాను. మూడో పేజీలో కోడలు దాని మూత తీసి, లోపలికి వంగి, అడుగున మిగిలిన వడ్లు చేటతో ఎత్తుతుంది.

మర్నాడు ప్రూఫు తిరిగొచ్చింది. ‘గుమ్మం?’ కొట్టేసి ఉంది. దాని కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో: “ఇందులో ఎన్ని బస్తాలు పడతాయి సార్?”