ఎకనామిక్స్ చదివి ఏం చేస్తుంది?

పోస్టు కొంచెం పెద్దది. మేం నలుగురం కలిసి రాశాం. తీరిక చేసుకుని చదవండి, కోపం వస్తే కింద తిట్టండి.

మొన్న కమిటీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూశాం. ఇంజనీరింగ్ పిల్లలవన్నీ వరసగా ఓకే అయిపోయాయి. బి.ఏ. ఎకనామిక్స్‌లో చేరిన ఒక అమ్మాయి కాగితం రాగానే "అది చదివి ఏం చేస్తుందండీ?" అన్నారు ఒక పెద్దాయన. ఎవరూ నోరెత్తలేదు. మేమూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

ఏం చేస్తుందో ఇప్పుడు చెప్తాం. నెమిలి ఇవాళ రాణిపేట జిల్లాలోదే. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి నుంచి తోలు, చెప్పులు ఐరోపాకీ అమెరికాకీ ఓడలెక్కుతున్నాయి. చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. 2025 ఆగస్టు 27న అమెరికా మన దేశపు చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. టీవీలో అందరం చూశాం. ఆ సుంకం కట్టేది అక్కడ సరుకు దింపుకునే వ్యాపారి అని, ఆ బరువును అతను ఇక్కడివాళ్ల రేటు కోసి దించుకోవాలని చూస్తాడని, ఆర్డరు తగ్గితే చివరికి అది పని లేని వారంగా మన గడప తొక్కుతుందని విడమర్చి చెప్పే మనిషి మన సంఘంలో ఒక్కరైనా ఉన్నారా? ఇంజనీర్లు చాలామందే ఉన్నారు.

అలాగని కాలేజీలను వదిలిపెట్టేది లేదు. అంతర్జాతీయ వాణిజ్యం పేపర్లో మన పిల్లలు ఇప్పటికీ బట్టీపట్టేది ఇంగ్లండు బట్ట, పోర్చుగల్ వైను లెక్క. రికార్డో 1817లో రాసింది. తప్పు లెక్క అనం, గొప్ప లెక్కే. కానీ గుడియాత్తంలో లుంగీ నేసేవాడి కొడుకుకి బట్ట వ్యాపారం గురించి పాఠం చెప్తూ, వాళ్ల నాన్న మగ్గం ఊసే ఎత్తకపోతే అది ఏం చదువు?

ఇంకో పాఠం ఉంది, ఎక్స్‌టర్నాలిటీ. ఒకడి వ్యాపారం వల్ల వేరేవాడి నెత్తిన పడే ఖర్చు. గైడులో ఉదాహరణ ఫ్యాక్టరీ పొగ. పక్కన పాలారు ఉండగా పొగ ఎందుకు? 1972లో సీతారామయ్య కమిటీ, ముడి తోళ్లు కాదు, పూర్తిగా తయారైన సరుకే అమ్మాలంది. ఆ తర్వాత కేంద్రం ముడి తోళ్ల ఎగుమతి ఆపేసి, సగం పదును చేసిన తోళ్లకూ పరిమితి పెట్టింది. విధానంగా చూస్తే మంచిదే. డాలర్లు వచ్చాయి, పనులు వచ్చాయి. దాంతోపాటు క్రోమ్ పదునూ పెరిగింది, ఆ నీళ్లు పాలారులోకీ మన బావుల్లోకీ వచ్చాయి. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసు వేస్తే 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తోలు ఎంత విదేశీ మారకం తెచ్చినా పర్యావరణాన్ని పాడుచేసే హక్కు ఆ పరిశ్రమకు లేదు, పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలి అంది. దేశమంతటా లా కాలేజీల్లో చదివే తీర్పు ఇది. మన ఊరి నీళ్ల మీద వచ్చిన తీర్పు, మన పిల్లల ఎకనామిక్స్ క్లాసులోకి రాలేదు. ఎగుమతి లాభం ఎవరి జేబులోకి, ఖర్చు ఎవరి బావిలోకి అన్నది ఒక సెమిస్టరంతా చెప్పుకోవచ్చు.

చేతిపని సంగతి సరేసరి. మూడేళ్లు చదివిన పిల్లవాడికి షిప్పింగ్ బిల్లు కస్టమ్స్‌కి ఇచ్చేదని, బిల్ ఆఫ్ లేడింగ్ ఓడవాళ్లు ఇచ్చేదని తేడా తెలియదు. ఎల్.సి. అంటే ఎల్.ఐ.సి. అనుకునేవాళ్లూ ఉన్నారు (నవ్వకండి, మాలోనే ఒకరు). ఎగుమతి చేయడానికి కావలసిన ఐ.ఈ.సి. నంబరుకి ఢిల్లీలో పలుకుబడి అక్కర్లేదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, 500 రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు. ఆ తర్వాత కొనేవాణ్ణి వెతుక్కోవడమే అసలు కష్టం, నిజమే. ఆ కష్టానికే కదా చదువు కావాలి.

"ఇంజనీరింగ్‌కైతే ఉద్యోగం గ్యారంటీ" అంటారు. గ్యారంటీ సంగతి మన వీధుల్లో ఖాళీగా ఉన్న ఇంజనీర్లని అడగండి. మేం ఇంజనీరింగ్‌కి వ్యతిరేకులం కాం. స్కాలర్‌షిప్ దానికొక్కదానికే అన్నదానికే వ్యతిరేకులం. ఈ దారిలో పెద్ద చదువు లేదనుకునేవాళ్లకి ఒక మాట: విదేశీ వ్యాపారానికే పెట్టిన ఐ.ఐ.ఎఫ్.టి.కి 2022 నుంచి కాకినాడలో క్యాంపస్ ఉంది. ప్లస్ టూ తర్వాత ఐదేళ్ల కోర్సు. ఎంట్రన్సు గట్టిది, ఫీజూ గట్టిదే. సంఘం డబ్బు అవసరమయ్యేది అలాంటి చోటే.

ఆ అమ్మాయి కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది. వచ్చే సమావేశంలో దాన్ని మళ్లీ బయటికి తీయమని రాతపూర్వకంగా అడుగుతున్నాం. సంతకం పెట్టేవాళ్లు ఈలోపే పేర్లు చెప్పండి.