కొత్త పాటకి పది నిమిషాలు

దసరాకి వన్ టౌన్‌లో ఓ పందిరి వేశారనుకోండి. స్టేజీ మీదకి నలుగురు కుర్రాళ్లు ఎక్కుతారు. ఒకరి మెడలో గిటారు, ఒకరి చేతిలో డప్పు. ఇంకొకతను చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయిస్తుంటాడు. దాన్ని కహోన్ అంటారు, పుట్టిల్లు పెరూ దేశం. బ్యాండు పేరు ఎవరూ వినలేదు. పాట ఏ సినిమాలోదీ కాదు. రెండో చరణం రాకుండానే వెనక కుర్చీల్లోంచి కేక... 'సినిమా పాటేదైనా ఎత్తుకోండి బాబూ!'

బెజవాడలో ఆ కేక వింతేం కాదు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరాయె! తెలిసిన పాటైతే పల్లవి అందుకోగానే చప్పట్లు కొట్టెయ్యొచ్చు. తెలియని పాటకి ముందు మాటలు వినాలి, దరువు పట్టుకోవాలి, ఆ తర్వాతే నచ్చిందో లేదో తేలేది. ఆ కాస్త ఓపికే కరవు.

నిజానికి ముక్కూమొహం తెలియని జట్టు పాట వినడం కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకి కొత్త కాదు. బుర్రకథ దళం అంటే ఏమిటి? ముగ్గురు మనుషుల బ్యాండే కదా! నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకి అందెలు. ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. బొబ్బిలి కథ చెబుతూనే ఆనాటి బియ్యం ధర మీద ఓ విసురు విసిరేవారు. పొన్నెకల్లు షేక్ నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆయన పేరు నిలబడింది అంతకు చాలా ముందే, ఊరూరా పందిళ్లలో!

ఇప్పటి కుర్రాళ్ల బ్యాండ్లలో చౌరస్తాది అలాంటి దారే. పట్నం విసుగెత్తి సొంతూరికి పోవాలనుకునేవాడి గోడుని జమైకా రెగే లయలో కట్టారు... అదే 'ఊరెళ్లిపోతా మామా'. సినిమా అండ లేకుండానే ఇంటర్నెట్లో ఇంటింటికీ చేరింది. ఆ గొంతు రామ్ మిరియాలది. తర్వాత అతణ్నీ సినిమా పిలిచింది. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు. వంగపండు 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' కూడా అంతే, జనంలో పాడుకున్న పాటే 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాకెక్కింది. అంటే, ఈ రోజు పందిట్లో వద్దన్న పాటే రేపు తెరమీద కొస్తే టిక్కెట్టు కొనుక్కుని మరీ వింటామన్నమాట!

ఈ సంగతి తెలిసిన బ్యాండ్లు ముందు ఓ సినిమా పాట పాడి, జనం కుదురుకున్నాక సొంత పాట అందుకుంటాయి. మంచి ఉపాయమే. కాకపోతే రాత్రి పదయ్యాక మైకు కట్టెయ్యాలన్నది రూలు. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చినా, ఏడాదికి పదిహేను రోజులే. సన్మానాలూ, శాలువాలూ, ఉపన్యాసాలూ ముగిసి బ్యాండు చేతికి మైకు వచ్చేసరికే తొమ్మిదిన్నర!