లేసు పని తీరిక పని కాదు

నరసాపురం లేసుకు విదేశాల్లో ఎంత పేరుందో, అల్లే స్త్రీల కూలికి ఇక్కడ అంత చిన్నచూపు. ఈ సంగతిని లెక్కలు కట్టి లోకానికి చాటిన విదుషీమణి జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్.

ఆమె 1931లో జర్మనీలోని ఒక పల్లెలో, 12 మంది పిల్లలున్న రైతు ఇంట పుట్టారు. 1960వ దశకంలో పూనాలో జర్మన్ భాష బోధించారు. భారత స్త్రీల స్థితిగతులపై పరిశోధించి డాక్టరేటు పొందారు. కొలోన్‌లో ఆచార్యులుగా పనిచేశారు. 1970వ దశకం చివర మన జిల్లాకు వచ్చి, లేసు అల్లేవారి జీవితాలను పరిశీలించి 1982లో గ్రంథం ప్రచురించారు. 2023లో కన్నుమూశారు.

ఆమె కనుగొన్నదేమిటి? ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన లేసు పట్టుకుపోతాడు. లాభం ఏజెంటుకు, ఎగుమతిదారుకు. అల్లిన ఇల్లాలికి దక్కేది చిల్లర డబ్బులు. పొలం పనికి వెళ్లే కూలి స్త్రీకి అంతకన్న ఎక్కువే గిట్టేది. అయినా గడప దాటకపోవడమే గౌరవమన్న భావంతో లేసు స్త్రీలు తమను కూలీలమని అనుకోలేదు. షావుకార్లూ అదే మాట పట్టుకుని, 'తీరిక వేళ చేసుకునే పని' అన్నారు. పనివారు కానివారికి కూలి రేట్లేమిటి, సంఘమేమిటి? ఇల్లాలన్న పేరు పెట్టి శ్రమను చవకగా కొనడమే ఇందులోని కిటుకని మీస్ తేల్చి చెప్పారు. స్త్రీ అన్న చిన్నచూపు, పేదరికం రెండూ ఒకే ముడిలో ఉన్నాయన్నదే ఆమె జీవితకాల పరిశోధన సారం.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని గుర్తింపు సరుకుకే పరిమితమైతే చేతులకు ఒరిగేదేమీ లేదు. ఇచ్చిన దారం, తీసుకున్న లేసు, కట్టిన రేటు రాసిన చీటీ అల్లినవారి చేతికివ్వడం ఏజెంట్ల విధి కావాలి. పట్టిన గంటలను బట్టి రేటు నిర్ణయించాలి. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో ఇంటి వద్ద పనిచేసేవారికీ చోటుంది. అధికారులు గ్రామాలకు వెళ్లి లేసు స్త్రీల పేర్లు ఎక్కించాలి.

మార్పు మన ఇళ్లలోనూ రావాలి. వంట, పిల్లల పని ముగించుకుని చీకటి పడేదాకా సూది ఆడించే మనిషిని 'ఇంట్లో ఖాళీగా ఉంది' అనడం మగవారు మానాలి. పనిని పని అని పిలిచిన నాడే కూలి అడిగే నోరు వస్తుంది.